బందెలదొడ్డిలో పార్కు

ముప్పై రెండేళ్ళకే ఉద్యోగ అనుభవాలు రాయడమంటే నాకే నవ్వొస్తోంది. రిటైరయ్యే వయసుకి ఇంకా చాలా దూరం ఉంది. పోయిన నెల రాజీనామా ఇచ్చి బయటికొచ్చేశాను. పల్నాడు జిల్లాలో ఒక మునిసిపాలిటీలో వార్డు సచివాలయం ఉద్యోగం ఆరేళ్ళు చేశాను. వార్డులో చెత్త, కాలవలు, మొక్కలు నా బాధ్యత. ఊరి పేరు రాయను. ఆ వీధుల్లో తిరిగినవాళ్ళకి ఎలాగూ తెలుస్తుంది.

నా కుర్చీలోకి వచ్చే అమ్మాయి పేరు శిరీష. మొన్న ఫోన్ చేసి, “అక్కా, సోమవారం ఛార్జి తీసుకోమన్నారు. ఏమేం చూసుకోవాలి?” అని అడిగింది. రిజిస్టర్ల సంగతి, వర్కర్ల హాజరు సంగతి చెప్పాను. చెప్పాల్సింది మాత్రం నోటికి రాలేదు. అందుకే పాప పడుకున్నాక కూర్చుని రాస్తున్నాను. శిరీషా, ఇది నీకోసమే. నీలాంటివాళ్ళు ఇంకెవరైనా చదివినా సరే.

పని అంటే ఏది

పొద్దున్నే ఐదున్నరకి వర్కర్ల హాజరు వేయాలి. వాళ్ళ ముఖాలు ఫోన్లో పడాలి. సిగ్నల్ రాకపోతే చీపుళ్ళు పట్టుకుని వాళ్ళు, ఫోన్ పైకెత్తి నేను, రోడ్డు మధ్యలో నిలబడేవాళ్ళం. మా మేఘన పుట్టాక ఆరు నెలలకి మళ్ళీ డ్యూటీలో చేరాను. పాలు తాగే పిల్లని మా అత్తగారి చేతిలో పెట్టి చీకటితో బయల్దేరేదాన్ని. ఆ కష్టం గురించి నీకు చెప్పక్కర్లేదు, నువ్వే చూస్తావు.

నేను బీఎస్సీ బోటనీ. ఈ ఉద్యోగంలో మొక్కలు కూడా ఉంటాయని ఇష్టపడి వచ్చాను. మా సొంతూరు శావల్యాపురం దగ్గర. ఇంటి చుట్టూ చేలు. పెళ్ళయి ఈ ఊరొచ్చాక మూడు మీటర్ల సందులో కాపురం. ఇటు గోడకి అటు గోడకి మధ్య బండ్లు, కరెంటు తీగలు, కాలవ. మా వార్డు మొత్తంలో పిల్లల్ని దించి వదిలేయడానికి ఒక్క చోటు లేదు. పాత లేఅవుట్లో పార్కు అని చూపించిన మూలలో ఇప్పుడు ఎవరివో ఇంటి మెట్లు ఉన్నాయి. రోడ్డు మధ్య డివైడర్లో పెట్టిన మొక్కల్ని మేకలు తినేశాయి. ఎక్కడన్నా నాలుగు సెంట్లు దొరికితే చాలు, పచ్చగా చేసి చూపిస్తాననుకునేదాన్ని. పిల్ల పుట్టాక అది కోరికగా మిగల్లేదు, పట్టుదలైంది. మేఘనకి ఏడో నెలలోనే ఆయాసం మొదలైంది. రాత్రి దాని ఊపిరి పిల్లికూతలా వినపడుతుంటే, ఈ ఊరి గాలి అంతా నేనొక్కదాన్నే కడగాలన్నట్టు ఉండేది నాకు.

నిజమైన పని ఏమిటో ఆరేళ్ళకి తెలిసింది. ఒక చోటులో ఇప్పటికే ఏం జరుగుతోందో చూడటం. మొక్క నాటడం ఆ తర్వాత. నేను రెండోది ముందు చేశాను.

బందెలదొడ్డి

మా సచివాలయం వెనక మూడో సందు చివర పాత బందెలదొడ్డి ఉంది. ఒకప్పుడు రోడ్ల మీద తిరిగే గొడ్లని పట్టి తోలుకొచ్చి అందులో కట్టేసి, యజమాని వచ్చి జరిమానా కట్టాక వదిలేవాళ్ళట. ఆ పద్ధతి పోయి చాలా ఏళ్ళయింది. మిగిలింది సగం కూలిన రాతి గోడ, ఐదు సెంట్ల మట్టి నేల, మధ్యలో ఒక పెద్ద కానుగ చెట్టు.

దాని కింద మిరపకాయల సీజనులో ఇరవై మంది దాకా ఆడవాళ్ళు కూర్చునేవాళ్ళు. బెల్లంకొండ వైపు నుంచి వచ్చిన కాయల టిక్కీలు, అంటే గోనె బస్తాలు, ఆటోలో దింపిపోతే, గుమ్మరించుకుని తొడిమలు తీసేవాళ్ళు. ముక్కుకి కొంగు కట్టుకుని, కబుర్లు చెప్పుకుంటూ, చేతులు ఆపకుండా. సీజను లేనప్పుడు బియ్యం ఏరుకోవడం, పేలు చూసుకోవడం, పిల్లలకి అన్నం పెట్టడం అన్నీ అక్కడే. వాళ్ళందరికీ పెద్ద ఖాసింబీ. యాభై ఐదు దాటిన మనిషి. భర్త వెల్డింగ్ షాపులో చేసి చనిపోయాడు. కొడుకూ కోడలూ పనికి పోతే మనవరాలు రేష్మని ఆమే చూసుకుంటుంది. హిందువులు పిన్నీ అని, తురక వీధివాళ్ళు ఖాలా అని పిలుస్తారు. ఎవరు ఏ వరసతో పిలిచినా తిట్లు మాత్రం అందరికీ ఒకటే.

నేను మొదటిసారి వెళ్ళినప్పుడు గేటు దగ్గరే దగ్గొచ్చి ఆగిపోయాను. కళ్ళలో నీళ్ళు. ఆ ఘాటులో చంటిపిల్లలు ఆడుకుంటున్నారు. నాకు నా పిల్ల గుర్తొచ్చింది. తర్వాత చూసినవన్నీ ఆ కళ్ళతోనే చూశాను.

ఇద్దరు ఆఫీసర్లు

వార్డుకొక చిన్న పార్కు అని పైనుంచి ఆర్డరు వచ్చినప్పుడు బందెలదొడ్డి పేరు నేనే రాసిచ్చాను. కమిషనర్ గారు చాలా సంతోషించారు. చెడ్డ మనిషి కాదు. కానీ ఆయనకి రెండు ఫొటోలు కావాలి: ముందు, తర్వాత. రెంటికీ మధ్య మూడు నెలలకి మించకూడదు. వేప మొక్కలు పెడదాం సార్, కాస్త టైమైనా నిలబడతాయి అంటే, “వేప ఎప్పుడు పెరగాలి, నేనెప్పుడు చూడాలమ్మా. గడ్డి పరిపించు, పచ్చగా ఉంటుంది” అన్నారు. కడియం నుంచి లారీలో చాపల్లా చుట్టిన గడ్డి వచ్చింది.

రెండో ఆయన మా మునిసిపల్ ఇంజినీరు, ఏఈ గారు. రిటైర్మెంటుకి ఏడాదిన్నర ఉన్న మనిషి. షర్టు జేబులో టేపు, నోట్లో వక్కపొడి. ప్లాను కాగితం చూసి ఆయన అడిగింది ఒక్కటే.

“నీళ్ళు ఎవరు పోస్తారు?”

వర్కర్లని వేస్తాం సార్ అన్నాను.

“వర్కర్లంటే ఎవరు? పేరు చెప్పు. చెప్పలేవు. ఇవాళ ఒకడు, రేపు ఒకడు. ఆ ఆడోళ్ళని ఎందుకు లేపుతున్నావు మరి? వాళ్ళని కూర్చోనిచ్చి చుట్టూ నాలుగు చెట్లు పెట్టుకోరాదా?”

ఘాటు గురించి, పిల్లల ఊపిరితిత్తుల గురించి నేను పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. చదువుకున్నదాన్ని కదా. ఆయన విని, కాగితం మడిచి ఇచ్చేశాడు. “సరే, నీ ఇష్టం. రేపు నాతో అనొద్దు” అన్నాడు. ఆ మాటకి నాకు కోపం కూడా వచ్చింది. ఈయనకి పిల్లల బాధ ఏం తెలుసు అనుకున్నాను.

మంచి ఆఫీసరు ఎవరో పనిలో ఉండగా గుర్తుపట్టడం కష్టం శిరీషా. నిన్ను మెచ్చుకున్నవాళ్ళలో వెతక్కు.

లేపడం

వాళ్ళని లేపడానికి నేనే వెళ్ళాను. ఇద్దరు వర్కర్లని వెంటబెట్టుకుని, చేతిలో నోటీసు పట్టుకుని. ఇక్కడ పిల్లల పార్కు వస్తోందని, మిరపకాయల పని ఇంక కుదరదని చెప్పాను. కొందరు గొణిగారు, ఒకామె నన్ను కాకుండా నా నోటీసుని చూసి నవ్వింది. ఖాసింబీ ఒళ్ళోంచి కాయలు దులుపుకుని లేచింది.

“ఏందమ్మాయ్, పిల్లల కోసమా?”

“అవును పిన్నీ. ఈ ఘాటు పిల్లలకి చానా చెడ్డది.”

“మరి వీళ్ళెవురు? మేకపిల్లలా?” అని చుట్టూ ఆడుతున్నవాళ్ళని చూపించింది.

అందరూ నవ్వారు. నాకు ముఖం ఎర్రబడింది. వీళ్ళ కోసమే కదా పిన్నీ, ఉయ్యాలలు వస్తాయి, బెంచీలు వస్తాయి అని ఏదో అన్నాను. ఆమె వెనక్కి తిరిగి, సర్దుకోమని అందర్నీ కేకేసింది. టిక్కీలు ఇళ్ళకి మోయించుకున్నారు. రెండు రోజుల్లో దొడ్డి ఖాళీ. ఇంత తేలిగ్గా అయిపోయిందేమిటా అని నేను గర్వపడ్డాను. తేలిగ్గా అయిపోయిన పనుల్ని అనుమానించాలని అప్పుడు తెలీదు.

గుంత లోతు

పల్నాడులో మొక్కలు నాటేవాళ్ళు ముందు తెలుసుకోవాల్సింది నాపరాయి. మా వార్డులో మట్టి పైపైన ఉంటుంది. అడుగు, అడుగున్నర తవ్వితే పలుగు ఖంగుమంటుంది. మొక్కకి మూడు అడుగుల గుంత కావాలని ప్లానులో ఉంది. కాంట్రాక్టరు మనుషులు ఇరవై గుంతలు తవ్వి కొలుచుకోమని కబురు పెట్టారు. కర్ర తీసుకుని వెళ్ళి ఒక్కో గుంతలో నిలబెట్టి చూశాను. అన్నీ మూడు అడుగులు. సంతకం పెట్టాను.

గోడ అవతల నుంచి ఖాసింబీ చూస్తోంది. “అమ్మాయ్, కర్ర కాడికి బాగనే పెట్టినావు గానీ, లోతు నేల కాన్నుంచి చూసినావా, గట్టు కాన్నుంచా?” అంది.

తవ్విన మట్టినంతా గుంత అంచున గట్టుగా పోసి కొట్టారు. నేను గట్టు పైనుంచి కొలిచాను. నేల నుంచి కొలిస్తే అడుగున్నరే. ఎన్ని పరీక్షలు రాసి వచ్చానో నేను. అక్షరం రాని మనిషి గోడ మీంచి ఒక్క చూపులో పట్టేసింది. తిరిగి తవ్వించమంటే, ఓపెనింగు వారంలో ఉందని, మంచి మట్టి వేసి సరిచేస్తామని అన్నారు. నేను ఊరుకున్నాను. తెలియక చేసింది తప్పయితే, తెలిశాక ఊరుకోవడం ఏమిటో నువ్వే పేరు పెట్టుకో.

ఇంకొకటి కూడా నేనే చేశాను. మట్టిలో పిల్లలు ఆడితే జబ్బులని, కానుగ చెట్టు చుట్టూ టైల్సు వేయించాను. మొదలు దాకా. కాండాన్ని ఆనుకుని గుండ్రంగా సిమెంటు చట్రం కట్టించాను. చాలా అందంగా వచ్చింది. ఆ ఫొటో కమిషనర్ గారి గదిలో ఫ్రేము కట్టి పెట్టారు.

ఏడాది

ఆగస్టులో ఓపెనింగు. మేఘనని కూడా తీసుకెళ్ళాను. ఉయ్యాల్లో కూర్చోబెట్టి ఊపాను. సాయంత్రం దాకా ఒక్క దగ్గు దగ్గలేదు. ఆ ఒక్క సాయంత్రం నేను ఈ ఉద్యోగంలో సంతోషంగా ఉన్నాను. అది అబద్ధం కాదు కాబట్టి రాస్తున్నాను.

వానలు పోయేదాకా అంతా బాగుంది. సంక్రాంతి దాటాక గడ్డి పసుపు రంగుకి తిరిగింది. నీళ్ళ ట్యాంకరు వారానికి రెండుసార్లు రావాలి, రెండు వారాలకి ఒకసారి వచ్చేది. అడుగున్నర గుంతల్లో మొక్కలు మార్చి నెల దాటలేదు. రాతి మీద పెట్టిన కుండీల్లా కాలిపోయాయి. ఏప్రిల్లో ఎండకి ఇనప ఉయ్యాల తాకితే చెయ్యి కాలేది. పొద్దంతా అక్కడ మనిషి లేడు. మనిషి లేని చోటికి ముందు సీసాలు వచ్చాయి, తర్వాత చెత్త సంచులు. ఇదివరకు ఆ సందులో ఎవరన్నా సంచి విసిరితే ఇరవై గొంతులు ఒక్కసారి లేచేవి. ఇప్పుడు బెంచీలు ఉన్నాయి, గొంతుల్లేవు.

గేటుకి తాళం వేయించాను. తాళం చెవి సచివాలయంలో. పార్కు పిల్లల కోసం, తాళం పార్కు కోసం. ఆ తర్వాత పిల్లలు గోడ దూకి వెళ్ళేవాళ్ళు, వాళ్ళ మీద అరిచేది నేనే.

మూడో ఏడు కానుగ ఆకు రాల్చి మళ్ళీ చిగురు వేయలేదు. కొమ్మలు ఒక్కొక్కటే ఎండాయి. ఒక కొమ్మ విరిగి ఉయ్యాల మీద పడ్డాక, ప్రమాదమని కొట్టేయమని ఆర్డరొచ్చింది. ఆర్డరు రావడానికి రిపోర్టు రాసింది కూడా నేనే.

చేతులు కడిగిన నీళ్ళు

చెట్టు కొట్టే రోజు సందులోవాళ్ళు చాలామంది వచ్చి నిలబడ్డారు. ఎవరూ అడ్డుకోలేదు. రంపం ఆగినప్పుడు ఖాసింబీ దగ్గరికొచ్చి మొద్దు మీద చెయ్యి వేసి చూసింది.

“రోజూ బిందెలు బిందెలు తాగిన చెట్టమ్మా ఇది. ఎట్టా బతుకుద్ది?”

అర్థం కాలేదు. ఎవరు పోసేవాళ్ళు పిన్నీ అని అడిగాను. ఆమె నన్ను వింతగా చూసింది.

“పోసేదేంది? చేతులు కడుక్కునేవాళ్ళం గందా.”

అప్పుడు చెప్పింది. మిరపకాయలు తీసిన చేతులు మండుతాయి. ఆ చేతుల్తో పిల్లల్ని ముట్టుకుంటే వాళ్ళకీ మంట, కళ్ళలో పడితే ఇంక ఏడుపే. అందుకని పిల్లకి అన్నం పెట్టాలన్నా, ఎత్తుకోవాలన్నా, ఇంటికి పోవాలన్నా ముందు ఒకటికి నాలుగు సార్లు చేతులు కడుక్కోవాలి. ఇరవై మంది. పంపు దగ్గర నుంచి బిందెలు తెచ్చుకుని చెట్టు మొదట్లోనే కడుక్కునేవాళ్ళు. అక్కడైతే బురద కాదని. ఎన్నేళ్ళుగానో. ఆ నేల రాతి మీద అడుగున్నర మట్టి. ఆ చెట్టుని బతికించింది ఆ నీళ్ళే.

ఏఈ గారు అడిగిన ప్రశ్నకి జవాబు అక్కడ రోజూ కూర్చునే ఉంది. నీళ్ళు ఎవరు పోస్తారు? ఇరవై పేర్లు. నేను వాళ్ళకి నోటీసు ఇచ్చాను, నీళ్ళు దిగే దారికి టైల్సు వేయించాను. పిల్లల్ని ముట్టుకోవడానికి చేతులు కడుక్కునే తల్లుల్ని, పిల్లల పేరు చెప్పి వెళ్ళగొట్టాను.

ఏఈ గారికి ఫోన్ చేసి చెప్పాలనుకున్నాను. అప్పటికే రిటైరై చిలకలూరిపేటలో కొడుకు దగ్గరికి వెళ్ళిపోయారు. నంబరు ఉంది. చేయలేదు. రేపు నాతో అనొద్దు అన్నారు కదా.

ఒకే బెంచీ

ఇది రాయకుండా ముగిద్దామనుకున్నాను.

పోయిన ఫిబ్రవరిలో మేఘనకి ఆయాసం ఎక్కువై పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. మందు పొగ పట్టించే మిషన్లు రెండే ఉన్నాయి, బెంచీ మీద వరసలో కూర్చున్నాం. పక్కన ఖాసింబీ. ఒళ్ళో రేష్మ. రేష్మకి ఏడేళ్ళు. ఆ పిల్ల ఛాతీలో కూడా పిల్లికూతలే.

ఎప్పటినుంచి పిన్నీ అని అడిగాను. రెండేళ్ళ నుంచట. దొడ్డిలోంచి లేపాక వాళ్ళు కాయల పని మానేయలేదు, ఎలా మానేస్తారు. ఇంట్లో తీస్తున్నారు. ఒకటే గది. తలుపు తీస్తే గాలికి తొక్కలు లేస్తాయని తలుపు వేసుకుంటారు. టిక్కీ ఒక పక్క, పిల్ల మంచం ఒక పక్క. ఆరుబయట, చెట్టు కింద, గాలికి పోయే ఘాటుని నేను తీసుకెళ్ళి తలుపులు మూసిన ఇరవై గదుల్లో పెట్టాను.

రేష్మ జబ్బు ఆ ఘాటువల్లే వచ్చిందా అని డాక్టర్ని అడిగాను. ఇదీ అని చెప్పలేమమ్మా, చాలా కారణాలుంటాయి అన్నాడు. ఆ మాట పట్టుకుని పడుకోవచ్చు. ప్రయత్నించాను.

ఖాసింబీ నన్ను ఏదో అంటుందని నేను భుజాలు బిగించుకుని కూర్చున్నాను. ఆమె మేఘన వీపు మీద చెయ్యి వేసి కాసేపు ఆ కూత విని, “నీ పిల్లకి గూడానా అమ్మా? నువ్వు కాయలు తీయవు గందా” అంది. నిజంగా ఆశ్చర్యపోయి అడిగింది. ఎత్తిపొడుపు కాదు.

ఉద్యోగం పాప కోసం మానేశానని ఇంట్లోవాళ్ళకీ ఆఫీసులోవాళ్ళకీ చెప్పాను. అది సగం. మిగతా సగం ఆ బెంచీ.

పదకొండో వరుస

శిరీషా, ఇప్పుడు నువ్వు అడిగినదానికి వస్తాను.

బందెలదొడ్డిలో ఇప్పుడు చెత్త ఆటోలు పెడుతున్నారు. పైన రేకులు వేశారు. కానీ సోమవారం నీ ముందు పెట్టే ఛార్జి జాబితాలో పదకొండో వరుసలో ‘చిన్న పార్కు – 1, మంచి స్థితిలో’ అని ఉంటుంది. ప్రతి ఏడూ అదే రాశారు, ప్రతి ఏడూ నేనే సంతకం పెట్టాను. వెళ్ళిపోయే రోజు కూడా పెట్టాను. ఆ రోజైనా ఆ వరుసని కొట్టేసి ఉండొచ్చు. రిలీవింగ్ ఆర్డరు ఆగిపోతుందని భయపడ్డాను. కాగితంలో పార్కు ఉన్నంత కాలం మన వార్డుకి ఇంకోటి రాదు. పార్కు ఉన్న వార్డు కదా మనది.

నువ్వు ‘లేదు’ అని రాస్తే సంజాయిషీకి నన్ను పిలుస్తారు. పిలిస్తే వస్తాను. ఇందులో రాసిందంతా అక్కడ చెప్తాను. పిలవరేమో కూడా. లేదు అన్న కాగితం ఏ బల్ల మీదా ఎక్కువ సేపు ఉండనివ్వరు, తిప్పి నీకే పంపి సరిచేయమంటారు. అప్పుడు నీకు కొత్త ఉద్యోగం, ఇంట్లో ఏవో అవసరాలు. నేను పెట్టినట్టే పెట్టేస్తావేమో. ధైర్యం చెప్పే అర్హత నాకు లేదు.

ఒక్క పని మాత్రం చెయ్యి. జాబితా పట్టుకుని ఒకసారి అక్కడికి వెళ్ళు. రేకుల కింద, ఆటోల వెనక, ఆ గుండ్రటి సిమెంటు చట్రం ఇంకా ఉంది, మధ్యలో ఏమీ లేకుండా. అందులో నిలబడు. పక్క సందులో తలుపులు వేసి ఉంటాయి, లోపల దగ్గు వినపడుతుంది. సంతకం పెట్టినా, పెట్టకపోయినా, అక్కడ నిలబడి తేల్చుకో.